సైట్‌లో ఆడే వీడియోను మన దగ్గర దాచుకోవడం ఎలా

మా పెద్దనాన్న ఒగ్గు కథ చెప్పేవాడు. ఐనవోలు మల్లన్న జాతరలో ఆయన చెప్పిన కథ ఒకటి లోకల్ కేబుల్ ఛానెల్ వాళ్లు రికార్డు చేసి తమ వెబ్‌సైట్‌లో పెట్టారు. బుద్ధి పుట్టినప్పుడల్లా తెరిచి చూసేవాళ్లం. అది అక్కడే ఉంటుందనుకున్నాం. ఆయన సంవత్సరీకం నాడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూద్దామని తెరిస్తే సైటే లేదు. ఛానెల్ ఎప్పుడో మూతపడిందట. ఇప్పుడు మా దగ్గర మిగిలింది టీవీ ముందు ఫోన్ పట్టుకుని తీసిన నలభై సెకన్ల ముక్క. అందులో సగం మా పిల్లల అరుపులే.

అప్పటి నుంచి హనుమకొండలో మా కంప్యూటర్ సెంటర్‌కు ఎవరైనా వచ్చి "అన్నా, ఈ సైట్ల వీడియో దిగుతలేదు, జర చూడవా" అంటే చేతిలో పని పక్కన పెడతాను. మొన్న ఒక తమ్ముడు వచ్చాడు. వాళ్ల తాత చెప్పిన మల్లన్న కథ, గంటా యాభై నిమిషాలది, ఒక చిన్న సైట్‌లో ఉంది. ఆ వీడియోను ఎలా దించామో మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. మీ వీడియో వేరేదైనా దారి ఇదే. కమాండ్‌లను, అంటే కంప్యూటర్‌కు టైపు చేసి ఇచ్చే ఆదేశాలను, ఫోన్‌లో చెప్పినట్టు పలికే తీరులోనే రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. 'ఖాళీ' అన్నచోట స్పేస్ బార్ నొక్కండి.

ముందు అడగండి

సైట్ అడుగున ఫోన్ నంబర్ ఉంటే ఫోన్ చేయండి. మేమూ అదే చేశాం. అవతలి ఆయన "తీస్కోండ్రి, వచ్చే నెలతోని సర్వర్ గడువు అయిపోతది, మల్ల కట్టేటట్టు లేదు" అన్నాడు. అడగకపోతే ఆ సంగతే మాకు తెలిసేది కాదు. కొందరైతే అసలు ఫైల్‌నే పెన్ డ్రైవ్‌లో వేసి ఇస్తారు. సైట్ మీద ఉండే కాపీ కంటే అది మామూలుగా తేటగా ఉంటుంది. అలా దొరికితే ఈ కింద చెప్పిన పనేదీ అక్కర్లేదు.

చట్టం సంగతి రెండు మాటల్లో. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 52వ సెక్షన్ సొంత వాడకానికి, పరిశోధనకు సబబైన మేరకు వాడుకోవడాన్ని మినహాయించింది. దించిన వీడియోను మళ్లీ మీ ఛానెల్‌లో పెట్టుకోవడం అందులోకి రాదు. ఇక పెద్ద ఓటీటీలు తమ సినిమాలకు వైడ్‌వైన్ లాంటి తాళం వేస్తాయి. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళం పగలగొడితే 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. తాళం వేసినదాని జోలికి నేను పోను, మీరూ పోవద్దు. నేను చెప్పేదంతా తాళం లేనివాటి గురించి: ఊరి జాతరలు, పాఠాలు, సభలు, మన వాళ్ల పాటలు.

బటన్ ఉందేమో చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా సాఫ్ట్‌వేర్ వెతుకుతారు. ఐఐటీల వాళ్ల ఎన్‌పీటీఈఎల్ పాఠాలకు డౌన్‌లోడ్ సౌకర్యం వాళ్లే ఇస్తారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా వీడియోల పక్కన డౌన్‌లోడ్ ఆప్షన్స్ అని ఉంటుంది. విమియోలో పెట్టినవాళ్లు ఒప్పుకుంటే వీడియో కిందే బటన్ కనిపిస్తుంది.

పేజీలో ఉన్నది యూట్యూబ్ వీడియో అయితే లెక్క వేరు. బటన్ గానీ అనుమతి గానీ లేకుండా దించుకోవడానికి వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు. వీడియో మీదే అయితే యూట్యూబ్ స్టూడియోలోంచి దించుకోవచ్చు. మీరు అప్‌లోడ్ చేసిన అసలు ఫైల్ కావాలంటే, గూగుల్ దగ్గరున్న మన డేటాను దించుకునే గూగుల్ టేకౌట్‌లోకి వెళ్లాలి.

రైట్ క్లిక్, ఆ తర్వాత వచ్చే చిక్కు

ల్యాప్‌టాప్‌లో క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ తెరవండి. ఫోన్‌లో ఈ పని కుదరదు, ల్యాప్‌టాప్ లేకపోతే నెట్ సెంటర్‌కు వెళ్లండి. ఆడుతున్న వీడియో మీద రైట్ క్లిక్ కొట్టండి. "సేవ్ వీడియో యాజ్" అని నల్లగా కనిపిస్తే మీ అదృష్టం, నొక్కండి, అయిపోయింది. పాత సైట్లలో ఎంపీ4 ఫైల్‌ను నేరుగా పెడతారు కాబట్టి ఇలా దొరుకుతుంది.

ఆ తమ్ముడి వీడియోకు మాత్రం ఆ మాట బూడిద రంగులో ఉంది, నొక్కితే పలకలేదు. వీడియో అడ్రస్ కాపీ చేసి చూస్తే 'బ్లాబ్' అనే మాటతో మొదలైంది. అతను అప్పటికే ఆ అడ్రస్‌ను పది డౌన్‌లోడర్ సైట్లలో పేస్టు చేసి విసిగిపోయి వచ్చాడు. బ్లాబ్ అనేది బయట పనిచేసే అడ్రస్ కాదు. మీ బ్రౌజర్ ఆ ట్యాబ్ వరకే, తన మెమరీలో పెట్టుకున్న గుర్తు అది. దాన్ని ఎక్కడ పేస్టు చేసినా దండగే. పైగా ఆ డౌన్‌లోడర్ సైట్లు ప్రకటనలతో, తప్పుడు బటన్లతో నిండి ఉంటాయి. మా సెంటర్‌కు వైరస్ పట్టి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అది పట్టింది అక్కడే.

చీటీని పట్టుకోవడం

అసలు పని ఇక్కడుంది. జరంత నిదానంగా చదవండి.

ఈ రోజుల్లో సైట్లు వీడియోను ఒకే ఫైల్‌గా పంపవు. చిన్న చిన్న ముక్కలుగా కోస్తాయి, ఒక్కో ముక్క కొన్ని సెకన్లే ఉంటుంది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క ఆడాలో ఒక చీటీ రాసి పెడతాయి. ఆ చీటీ పేరే ఎం3యూ8. ఈ పద్ధతిని హెచ్‌ఎల్‌ఎస్ అంటారు, ఆపిల్ వాళ్లు 2009లో తెచ్చారు. ముక్క ఆరు సెకన్లనుకుంటే, తాత చెప్పిన గంటా యాభై నిమిషాల కథ 1,100 ముక్కలవుతుంది. ముక్కల్ని ఒక్కొక్కటిగా ఏరుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది. చీటీ ఒక్కటి చిక్కితే మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

పేజీ తెరిచి, వీడియోను ఇంకా ఆడించకుండానే కీబోర్డు మీద ఎఫ్12 నొక్కండి. కుడి పక్కనో కిందనో ఒక అర తెరుచుకుంటుంది. అందులో పైన 'నెట్‌వర్క్' అనే మాట మీద నొక్కండి. 'ప్రిజర్వ్ లాగ్' అని ఉంటే టిక్ పెట్టండి. ఇప్పుడు ఎఫ్5 కొట్టి పేజీని మళ్లీ లోడ్ చేసి, ప్లే నొక్కండి. చాలామంది వీడియో ఆడుతుండగా ఎఫ్12 తెరుస్తారు. చీటీ మొదట్లోనే వచ్చి వెళ్లిపోయి ఉంటుంది కనుక వాళ్లకు ముక్కలే కనిపిస్తాయి. అందుకే ముందు ఎఫ్12, తర్వాతే ప్లే.

ప్లే నొక్కగానే ఆ అరలో వరుసలు జలజలా వచ్చి పడతాయి. బొమ్మలు, అక్షరాల ఫైళ్లు, ప్రకటనలు, అన్నీ. కంగారు పడకండి. పైన 'ఫిల్టర్' అనే చిన్న పెట్టెలో ఎం3యూ8 అని కొట్టండి. మూడు వందల పైచిలుకు వరుసల్లో మాకు రెండే మిగిలాయి. ఒకదాని పేరు 'మాస్టర్', రెండోదాని పేరు 'ఇండెక్స్'.

రెండు ఎందుకు? కాజీపేట దాటాక రైల్లో వీడియో చూస్తుంటే బొమ్మ ఒక్కసారి మసకబారి, కాసేపటికి మళ్లీ తేటపడటం చూసే ఉంటారు. సైట్ దగ్గర అదే వీడియో మూడు నాలుగు సైజుల్లో ఉంటుంది, సిగ్నల్‌ను బట్టి బ్రౌజర్ సైజు మారుస్తుంది. మాస్టర్ చీటీలో ఆ సైజులన్నీ రాసి ఉంటాయి. ఇండెక్స్ చీటీ ఏదో ఒక సైజుది. మనకు కావలసింది మాస్టర్. దాని మీద రైట్ క్లిక్ కొట్టి 'కాపీ' లోకి వెళ్లి 'కాపీ యూఆర్‌ఎల్' నొక్కండి.

చీటీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక్కసారైనా చూడండి, భయం పోతుంది. మొదటి వరుసలో హ్యాష్ గుర్తు, దాని వెనుక 'ఎక్స్‌టీఎం3యూ'. మాస్టర్‌లో 640 ఇంటూ 360, 1280 ఇంటూ 720 అని సైజులు కనిపిస్తాయి. ఇండెక్స్ చీటీ చివరి వరుసలో 'ఎండ్‌లిస్ట్' అని ఉంటే వీడియో మొత్తం అందులో ఉన్నట్టు. లేకపోతే అది ఇంకా నడుస్తున్న లైవ్.

ఎం3యూ8 దొరకకపోతే ఫిల్టర్‌లో ఎంపీడీ అని కొట్టండి. అది డ్యాష్ అనే ఇంకో పద్ధతి. అదీ లేకపోతే ఎంపీ4 అని కొట్టి చూడండి.

దించడం

నేను వాడేది వైటీ-డీఎల్‌పీ అనే వీడియోలు దించే ప్రోగ్రామ్. ఉచితం. దానికి తోడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కావాలి, ముక్కల్ని అతికేది అదే. విండోస్ బటన్ నొక్కి సీఎండీ అని కొట్టి ఎంటర్ చేయండి. నల్ల కిటికీ వస్తుంది. ప్రోగ్రామ్‌లు పెట్టడానికి విండోస్‌లో వింగెట్ అనే సాధనం ఉంటుంది. ఆ కిటికీలో వింగెట్, ఖాళీ, ఇన్‌స్టాల్, ఖాళీ, వైటీ-డీఎల్‌పీ అని కొట్టండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను కూడా అలాగే పెట్టుకోండి. పెట్టాక ఆ నల్ల కిటికీ మూసి మళ్లీ తెరవండి. మూయకపోతే అది కొత్త ప్రోగ్రామ్‌ను గుర్తుపట్టదు. గూగుల్‌లో ఆ పేరు కొడితే వచ్చే రకరకాల సైట్ల నుంచి మాత్రం దించకండి. వింగెట్ లేదంటే, ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లు వాటిని ఉంచే గిట్‌హబ్ సైట్‌లో ఆ ప్రాజెక్టు సొంత పేజీ నుంచే తీసుకోండి.

ఇప్పుడు సీడీ, ఖాళీ, డౌన్‌లోడ్స్ అని కొట్టి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి వెళ్లండి. తర్వాత వైటీ-డీఎల్‌పీ, ఖాళీ, హైఫన్, పెద్ద ఎఫ్, ఖాళీ, డబుల్ కోట్, మీరు కాపీ చేసిన అడ్రస్, డబుల్ కోట్.

ఆ కోట్‌లు మరిచిపోవద్దు. అడ్రస్‌లో చాలాసార్లు & గుర్తు ఉంటుంది. కోట్‌లు లేకపోతే విండోస్ ఆ గుర్తు దగ్గర అడ్రస్‌ను విరిచి, మిగతా సగాన్ని ఇంకో కమాండ్ అనుకుంటుంది. ఆ తమ్ముడు మొదటిసారి వాటిని వదిలేశాడు. సగం అడ్రస్‌తో అది ఎంతకూ దిగలేదు.

ఎంటర్ కొడితే ఏయే సైజులు ఉన్నాయో పట్టిక వస్తుంది. మాకు 360, 480, 720 కనిపించాయి. 720 ఎంచుకోవడానికి: వైటీ-డీఎల్‌పీ, ఖాళీ, హైఫన్, పెద్ద ఎస్, ఖాళీ, డబుల్ కోట్, వీకోడెక్, కోలన్, హెచ్264, కామా, రెస్, కోలన్, 720, డబుల్ కోట్, ఖాళీ, మళ్లీ కోట్‌ల మధ్య అడ్రస్. 'రెస్' అంటే ఆర్ ఈ ఎస్. వీకోడెక్ సంగతి ఎందుకో చివర్లో తెలుస్తుంది. 720లో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున లెక్కేస్తే గంటకు 900 ఎంబీ, అంటే ఆ కథకు దాదాపు 1.65 జీబీ. డిస్కులో అంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి.

పట్టిక కూడా రాకుండా మొండికేస్తే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తోనే నేరుగా దించవచ్చు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, ఖాళీ, హైఫన్, ఐ, ఖాళీ, కోట్‌ల మధ్య అడ్రస్, ఖాళీ, హైఫన్, సీ, ఖాళీ, కాపీ, ఖాళీ, కథ అని ఇంగ్లీషులో, చుక్క, ఎంపీ4. 'కాపీ' అన్న మాట వల్ల బొమ్మను మళ్లీ నలపకుండా ఉన్నది ఉన్నట్టు అతుకుతుంది.

అడ్డం వచ్చేవి

403 అని ఎర్రర్ వస్తే, అంటే సైట్ ఇవ్వనంటే, ఎక్కువగా రెండు కారణాలు. చాలా సైట్లు అడ్రస్‌లో కాసేపటికే చెల్లిపోయే టోకెన్ పెడతాయి. మేము అడ్రస్ కాపీ చేసి, టీ తాగి వచ్చి కమాండ్ కొట్టేసరికి 403. పేజీ మళ్లీ లోడ్ చేసి కొత్త అడ్రస్ తీసుకుంటే పోయింది. అప్పటికీ 403 వస్తే, మీరు ఏ పేజీ నుంచి వచ్చారని సైట్ అడుగుతోందన్నమాట. కమాండ్ చివర ఖాళీ, రెండు హైఫన్లు, రెఫరర్, ఖాళీ, కోట్‌ల మధ్య ఆ వెబ్ పేజీ అడ్రస్ చేర్చండి. ఇక్కడ 'రెఫరర్' స్పెల్లింగ్ డిక్షనరీలో ఉన్నట్టు కాదు, నడుమ ఒక్కటే ఆర్: ఆర్ ఈ ఎఫ్ ఈ ఆర్ ఈ ఆర్. ఇంకో ఆర్ చేరిస్తే కమాండ్ పనిచేయదు.

బొమ్మ ఉండి మాట లేకపోతే ఫోల్డర్‌లో ఇంకో ఫైల్ ఉందేమో చూడండి. డ్యాష్ పద్ధతిలో బొమ్మ వేరు, శబ్దం వేరు వస్తాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లేకపోతే అవి రెండుగానే మిగిలిపోతాయి. అది పెట్టుకుని మళ్లీ దించండి.

వైటీ-డీఎల్‌పీతో దించుతుండగా కరెంటు పోతే అదే కమాండ్ మళ్లీ కొట్టండి, ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. నడుమ కనిపించే 'పార్ట్' ఫైళ్లను చెత్త అనుకుని తీసేయకండి.

లైవ్ మాత్రం జాగ్రత్త. మేడారం జాతర రెండేళ్లకోసారి. సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తెచ్చే ఘట్టం లైవ్‌లో పోయిందంటే మళ్లీ రెండేళ్లు. లైవ్ చీటీలో చాలాచోట్ల చివరి కొన్ని ముక్కలే ఉంటాయి, పాతవి రాలిపోతూ ఉంటాయి. కాబట్టి మొదలయ్యేసరికే కమాండ్ నడుస్తుండాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో దించుతుంటే ఫైల్ పేరు చివర ఎంపీ4 బదులు ఎంకేవీ పెట్టండి. ఆపాలంటే క్యూ నొక్కండి. కిటికీని ఇంటూ గుర్తుతో మూసేస్తే ఎంపీ4 ఫైల్ తెరుచుకోకుండా పాడవుతుంది, ఎంకేవీ అయితే చాలావరకు బతుకుతుంది.

సైట్ అప్పటికే పోయి ఉంటే పేజీ పాత అడ్రస్‌ను, పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో పెట్టి చూడండి. కొన్నిసార్లు నేరుగా పెట్టిన ఎంపీ4 దొరుకుతుంది. ముక్కలుగా కోసినవి దొరకడం అరుదు. పెద్దనాన్న కథ కోసం నేను అందులో చాలా రాత్రులు వెతికాను. పేజీ దొరికింది. ఆయన డోలు పక్కన నిలబడ్డ చిన్న బొమ్మ దొరికింది. దాని మీద నొక్కితే ఏమీ ఆడలేదు.

దిగాక

ఫైల్ దిగిందని పేజీ మూసేయకండి. వీఎల్‌సీలో తెరిచి మొదట్లో, నడుమ, చివర చూడండి. నిడివి సైట్‌లో ఉన్నదానితో సరిపోవాలి. మాది తొలిసారి గంటా పన్నెండు నిమిషాలకే ఆగింది. సరిచూడకపోతే రంగుల ముగ్గుతో పట్నం వేసే ఘట్టమంతా పోయి ఉండేది.

ఫైల్ పేరులో ముందు తేదీ, తర్వాత ఊరు, తర్వాత కథ పేరు పెట్టండి. పాత టీవీల్లో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తాయి కనుక పేరు ఇంగ్లీషులోనే పెట్టి, పక్కన ఒక నోట్‌ప్యాడ్ ఫైల్‌లో తెలుగులో వివరాలు రాయండి: ఎవరు చెప్పారు, ఎక్కడ, ఏ సైట్‌లో దొరికింది, ఎవరి అనుమతితో తీశారు. రెండు కాపీలు రెండు చోట్ల ఉంచండి. రాత్రంతా నడిచిన కథ 4 జీబీ దాటితే పెన్ డ్రైవ్ తీసుకోనంటుంది. ఆ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండటమే కారణం. అందులో ఉన్నవి వేరే చోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే పడుతుంది. ఇంట్లో టీవీ పాతదైతే అది ఎక్స్‌ఫ్యాట్‌ను చదువుతుందో లేదో కూడా ముందే చూసుకోండి.

ఇంకో కాపీ వీడియోలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లాలి. ఆ తమ్ముడితో నేనూ వాళ్లింటికి వెళ్లాను. పెన్ డ్రైవ్ టీవీకి పెడితే డోలు వినిపించింది, బొమ్మ లేదు, నల్లగా ఉంది. మొదట నేను వీకోడెక్ మాట లేకుండా దించాను. వీకోడెక్ అంటే వీడియోను కుదించే పద్ధతి. పాత టీవీలకు హెచ్264 పద్ధతి తెలిసినట్టు కొత్త రకాలు తెలియవు. మళ్లీ సెంటర్‌కు వచ్చి పైన చెప్పిన కమాండ్‌తో దించి, మరునాడు తీసుకెళ్లాం. ఈసారి ఆడింది.

తాత మంచం మీద కూర్చుని, కథను పెదవులతో తానూ చెబుతూ చూశాడు. నడుమ చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఆ డోలు గొట్టేటోని పేరు రాసినవా బిడ్డా?" అన్నాడు. రాయలేదు. అక్కడే కూర్చుని ఆయన చెప్పినకొద్దీ రాశాను: డోలు ఎవరు, తాళం ఎవరు, వెనక వంత పాడింది ఎవరు. మీరూ ఆ నోట్‌ప్యాడ్ ఫైల్‌ను ప్రింట్ తీసి, కింద ఖాళీ ఉంచుకుని వెళ్లండి, వాళ్లు చూస్తూ చెప్పే పేర్లు దాని మీద రాసుకోవచ్చు.